జయనామ సంవత్సరంలో ఒక నక్షత్రం

చరిత్ర పాఠ్యపుస్తకాల చివర ఉండే కాలపట్టికలో క్రీస్తుశకం 1054 అనే అంకె పక్కన సాధారణంగా నాలుగైదు సంఘటనలు చేరి ఉంటాయి. కాన్‌స్టాంటినోపిల్ నగరంలో తూర్పు పడమటి క్రైస్తవ సంఘాల పెద్దలు ఒకరినొకరు వెలివేసికొన్నారు. కొప్పం యుద్ధంలో చోళ చక్రవర్తి రాజాధిరాజు ఏనుగుపైననే ప్రాణాలు విడిచినాడు. స్కాట్లండులో మాక్‌బెత్ ఓడిపోయినాడు. చైనాలో పట్టపగలు ఒక క్రొత్త నక్షత్రం కనిపించినది. విద్యార్థి ఈ నాలుగింటినీ ఒకే గడిలో వ్రాసికొని వల్లె వేస్తాడు. ఉపాధ్యాయుడు పరీక్షలో అడుగుతాడు. ఆ గడి మాత్రం ఆనాడు లేదు. పైన చెప్పినవారిలో అధికులు తాము '1054' అనే సంవత్సరంలో బ్రతుకుతున్నామని ఎరుగరు. ఆ అంకెను వాడినవారు పశ్చిమ ఐరోపాలోని క్రైస్తవ మఠాల లేఖకులు, వారి అలవాటును అనుసరించిన కొందరు రాజోద్యోగులు. వారిలోనైనా ఏకాభిప్రాయం లేదు.

ఈ వేర్వేరు లెక్కలను ఒకదానితో ఒకటి సరిపోల్చడం పండితుల కాలక్షేపం కాదు. చైనా ఆస్థానంలో ఒకరు, కాన్‌స్టాంటినోపిల్‌లో నివసించిన వైద్యుడొకడు, జపానులో ఒక కవి చెప్పిన నక్షత్రం ఒక్కటేనా, మూడా అన్న ప్రశ్నకు సమాధానం ఆకాశంలో లేదు, పంచాంగాలలో ఉన్నది. తేదీలు కలిస్తే వారు ముగ్గురూ ఒకే సంఘటనకు సాక్షులు. కలవకపోతే మిగిలేవి మూడు వదంతులు.

కావున ఆ నక్షత్రం కనిపించిన రోజునే పట్టుకొని ప్రారంభిద్దాం. మన నేటి అలవాటులో చెప్పవలెనంటే అది 1054 జూలై 4, సోమవారం. ఆ ఉదయం రాజమహేంద్రవరంలో ఒక జ్యోతిష్కుని అడిగితే, శాలివాహన శకం 976, జయనామ సంవత్సరం, ఆషాఢ బహుళం, అమావాస్యకు మూడు నాలుగు దినాలు ఉన్నవి అని చెప్పియుండును. కొంచెం పట్టుదల గల పండితుడైతే 976 గతించిన శక వర్షాలనీ, నడుస్తున్నది 977 అనీ సవరించును; శాసనాలను చదివేవారిని నేటికీ తికమకపెట్టే భేదం ఇది. భోజరాజు ఏలుతున్న ధారానగరంలో విక్రమ శకం 1111. అదే విక్రమ శకాన్ని కార్తికంతో ఆరంభించే గుజరాతులో ఇంకా 1110 నడుస్తున్నది. మలయాళ దేశంలో కొల్లం 229. బాగ్దాదులో హిజరీ 446, రబీ ఉల్ అవ్వల్ మాసపు చివరి వారం. కాన్‌స్టాంటినోపిల్‌లో సృష్ట్యాది 6562, పదునైదేండ్ల పన్నుల చక్రంలో ఏడవ ఏడు. స్పెయిన్‌లోని కాస్టీల్ రాజ్యంలో 1092. అక్కడి శకం క్రీస్తుశకం కంటె 38 ఏండ్లు ముందుండేది. ఇటలీలో ఫ్లారెన్స్‌వారు 1054 అనియు, వారి పొరుగున ఉన్న పీసావారు 1055 అనియు వ్రాస్తారు. ఉభయులకూ సంవత్సరాది మార్చి 25వ తేదీయే. అయితే ఒకరు క్రీస్తు జననానికి తరువాతి మార్చి నుండి, మరొకరు ముందరి మార్చి నుండి లెక్కించినారు. ఒక వ్యాపారి ఉదయం ఫ్లారెన్స్‌లో బయలుదేరి పీసా చేరినప్పుడు ఏడాది పెద్దవాడై దిగేవాడన్నమాట! ఈ పట్టుదల ఉభయ నగరాలలోనూ పదునెనిమిదవ శతాబ్దం నడిమివరకు సాగినది.

ఈ గందరగోళంలో ఒక్క విషయం మాత్రం చెక్కుచెదరలేదు. పీసాలో అడిగినా, బాగ్దాదులో అడిగినా, రాజమహేంద్రవరంలో అడిగినా ఆ దినం సోమవారమే. శకాలు వేరు, మాసాలు వేరు, దినారంభం కొందరికి సూర్యోదయం, కొందరికి సూర్యాస్తమయం, వారం ఒక్కటే. ఈ ఏడు దినాల గొలుసు ఎక్కడా తెగకుండా సాగివచ్చినందుననే నేడు మనం పాత తేదీలను పరీక్షించగలుగుతున్నాం. చైనాలో మాత్రం ప్రజావ్యవహారంలో వారాలు లేవు. వారు దినాలకు అరువది పేర్ల చక్రాన్ని వాడినారు. జూలై 4 ఆ చక్రంలో 'జీ-చౌ', అనగా ఇరువది ఆరవ దినం. ఈ చక్రం కూడా తెగలేదు గనుక వారి తేదీలూ మన చేతికి నిక్కచ్చిగా అందుతున్నవి.

ఇక ఆ చైనా వృత్తాంతం. సాంగ్ వంశపు రెంజోంగ్ చక్రవర్తి కైఫెంగ్ రాజధానిగా ఏలుతున్నాడు. జిహె అనే పేరుగల పాలనాశకపు మొదటి సంవత్సరం, అయిదవ మాసం, జీ-చౌ దినాన తెల్లవారుజామున తూర్పున, తియాన్‌గ్వాన్ అనే తార దగ్గర 'అతిథి నక్షత్రం' కనిపించినదని ఆస్థాన లేఖకులు వ్రాసియుంచినారు. అది శుక్రునివలె పగలు కూడా కనిపించినది, నలుదిక్కులా కిరణాలు, రంగు ఎరుపు కలిసిన తెలుపు. అట్లు పగటివేళ కనిపించినది 23 దినాలు. ఆగస్టు చివర యాంగ్ వెయ్‌దే అనే ఖగోళాధికారి చక్రవర్తికి విన్నపం చేసికొంటూ, ఈ నక్షత్రం రాజ్యంలో వివేకి అయిన ప్రభువు ఉన్నాడనడానికి సూచన అని ఫలం చెప్పినాడు. ఆస్థాన జ్యోతిష్కులు లోకమంతటా ఒక్కతీరుననే ఉంటారు కాబోలు. అయినను ఆయన శాఖవారి పరిశీలన మీద మచ్చ వేయడానికి వీలులేదు. రాత్రివేళ ఆ తార క్రమంగా మసకబారి, 1056 ఏప్రిల్‌లో కంటికి కనుమరుగయ్యేవరకు వారు దానిని వెంటాడినారు.

'జిహె మొదటి సంవత్సరం' అన్న మాటలో ఒక కథ దాగి ఉన్నది. ఆ ఏడాది నూతన సంవత్సరం పుట్టినప్పుడు దానికి ఆ పేరు లేదు. హువాంగ్‌యూ ఆరవ సంవత్సరంగా ఆరంభమైనది. నాలుగవ మాసపు తొలిదినాన సూర్యగ్రహణం రానున్నదని ఖగోళాధికారులు ముందుగా చెప్పినారు. ప్రభువు దోషపరిహారంగా కారుణ్య ప్రకటన చేసి, మూడవ మాసంలోనే శకం పేరు మార్చివేసినాడు. గ్రహణం చెప్పిన దినానికే, మే 10న పట్టినది. నక్షత్రం కనుమరుగైన తేదీలో మరింత వింత ఉన్నది. గ్రంథాలలో అది 'జియాయూ మొదటి సంవత్సరం, మూడవ మాసం' అని ఉన్నది. జియాయూ అనే శకమో, ఆ ఏడు తొమ్మిదవ మాసంలో గాని పుట్టలేదు. అనగా లేఖకులు తరువాత కూర్చుని, గడచిపోయిన వసంతానికి క్రొత్త పేరు తగిలించినారు. చైనాలో కాలానికి పేరు పెట్టడం ప్రభువు హక్కు. ఆ పంచాంగాన్ని స్వీకరించడమంటే ఆయన ఆధిపత్యాన్ని అంగీకరించడం. అందువల్లనే ఉత్తరాన ఖితాన్‌ల లియావో సామ్రాజ్యంలో అదే ఏడు 'చోంగ్‌షీ ఇరువదిమూడు'. దక్షిణాన వియత్నాంలో అదే 1054లో లీ తాన్ తోంగ్ అనే రాజు సింహాసనమెక్కి, దేశానికి 'దాయ్ వియెత్' అని క్రొత్త పేరు పెట్టి, తన పేర వేరే శకం ఆరంభించినాడు. స్వాతంత్ర్య ప్రకటనకు పంచాంగం చాలును.

పాలనాశకం పేర్లు ఎన్ని మారినా చైనాలో సంవత్సరాలకు కూడా అరువది పేర్ల చక్రమొకటి కలదు. ఇక్కడ తెలుగువారు చెవి ఒగ్గవలసిన విషయం ఉన్నది. 1054 ఆ చక్రంలో 'జియా-వూ', ముప్పదియొకటవ సంవత్సరం. మనకు జయ, ఇరువది యెనిమిదవది. రెండు చక్రాలూ అరువదియే కనుక ఈ జోడీ నాటినుండి నేటివరకు విడిపోలేదు. 1954లో మనకు జయ, వారికి జియా-వూ. 2014లో మరల మనకు జయ, వారికి జియా-వూ. 1054కూ 2014కూ నడుమ సరిగా పదహారు ఆవృత్తులు. ఈ రెండింటికీ మధ్య వంతెన వేసినవారు టిబెట్టు పండితులు. కాలచక్ర తంత్రంతోపాటు మన ప్రభవాది చక్రాన్ని వారు 1027 నుండి స్వీకరించినారు. వారి చక్రం పేరు 'రబ్జుంగ్' అంటే ప్రభవ అనే మాటకు అనువాదమే! ఆ లెక్కన 1054 వారికి ఒకవైపు ఇరువది యెనిమిదవ సంవత్సరం, అనగా మన జయ. మరొకవైపు చైనావారి కొయ్య-గుఱ్ఱపు సంవత్సరం. వంగదేశం నుండి వెళ్లి టిబెట్టులో బౌద్ధాన్ని పునరుద్ధరించిన అతీశ దీపంకరుడు ఆ సంవత్సరమే లాసా సమీపాన నేథాంగ్‌లో దేహం చాలించినాడు. ఉత్తర భారతంలో బృహస్పతి గమనాన్ని పట్టి నడుమనడుమ ఒక పేరును దాటవేసే పద్ధతి కలదు. అందువలన వారి సంవత్సరనామం అప్పటికే మన నామం కంటె ముందుకు జరిగినది. హిమాలయాల కావల ఉన్న లాసాకూ గోదావరి తీరానికీ కలిసిన పేరు నడుమ ఉన్న కాశీకి కలియకపోవడం చిత్రమే. అయితే చక్రాలకు ఒక లోపం ఉన్నది. 'జయనామ సంవత్సరంలో' అని మాత్రమే ఉంటే అది 1054 కావచ్చు, 1114 కావచ్చు, 994 కావచ్చు. మన ఇళ్లలో ముత్తవ్వల పుట్టిన సంవత్సరం తేల్చడానికి పడే అవస్థ ఇదే.

ఇప్పుడు పడమటికి పోదాం. ఇబ్న్ బుత్లాన్ అనే వైద్యుడు బాగ్దాదువాడు, నెస్టోరియన్ క్రైస్తవుడు, అరబ్బీలో వ్రాసినవాడు. ఈజిప్టులోని ఫుస్తాత్ నగరానికి వెళ్లి, అక్కడి ప్రసిద్ధ వైద్యుడు ఇబ్న్ రిద్వాన్‌తో ఘోరమైన వాదాలు నడిపి, అటుపిమ్మట కాన్‌స్టాంటినోపిల్ చేరినాడు. ఆయన విడిచిన ఫుస్తాత్‌లో ఒక్క వీధిలోనే నాలుగు శకాలు నడిచేవి. మహమ్మదీయులకు హిజరీ 446. కోప్టు క్రైస్తవులకు ధర్మవీరుల శకం 770. యూదుల వ్యాపారపత్రాలు అలెగ్జాండరు సేనాని సెల్యూకసు పేరిటి శకాన్ని అనుసరించి 1365లో ఉన్నవి. వారి మతగణనలో సృష్ట్యాది 4814. ఇంతటి వైవిధ్యం ఆడంబరం కాదు, అవసరం. హిజరీ ఏడు శుద్ధ చాంద్రమానం, అధికమాసం లేదు. కనుక ఏటికి పదునొకండు దినాలు వెనుకకు జరుగుతుంది. నైలునది మాత్రం చంద్రుని మాట వినదు. సూర్యుని లెక్కన వేసవిలో పొంగుతుంది. పంటను కొలిచి పన్ను వేసే అధికారి హిజరీని నమ్ముకొంటే, ముప్పదిమూడేండ్లకు ముప్పదిరెండు పంటలే చేతికి వస్తాయి. కావున సేద్యానికి కోప్టుల సౌరమాసాలు, ధర్మానికి హిజరీ; రెండింటికీ పొత్తు కుదర్చడానికి పన్నుల లెక్కలో అప్పుడప్పుడు ఒక సంవత్సరపు అంకెను దాటవేయవలసి వచ్చేది.

ఇబ్న్ బుత్లాన్ కాన్‌స్టాంటినోపిల్‌లో ఉన్న కాలంలో ఆ నగరం ఒక రొట్టె గురించి అట్టుడుకుతున్నది. దైవప్రసాదపు రొట్టె పులిసినదై ఉండవలెనా, పులియనిదై ఉండవలెనా అన్నది తూర్పు పడమటి సంఘాల నడుమ తగవు. ప్రధాన గురువు మైఖేల్ కెరులారియస్ కోరగా ఈ వైద్యుడు కూడా ఆ విషయం మీద ఒక చిన్న గ్రంథం వ్రాసినాడు. జూలై 16, శనివారం నాడు రోమునుండి వచ్చిన రాయబారి, కార్డినల్ హంబర్టు, హేగియా సోఫియా దేవాలయపు బలిపీఠం మీద వెలి పత్రాన్ని ఉంచి వెళ్లిపోయినాడు. ఆయనను పంపిన పోపు తొమ్మిదవ లియో అప్పటికి మూడు నెలల క్రితమే, ఏప్రిల్ 19న మరణించినాడు! ఆ పత్రపు చెల్లుబాటును గూర్చి తరువాతివారు తర్కించినారు. ఉభయపక్షాల వెలి ఆజ్ఞలు ఉపసంహరింపబడినవి 1965లో. మనకు కావలసిన విషయం వేరు. చైనావారి లెక్కన పట్టపగలు తార వెలుగుతున్న 23 దినాలలో ఈ శనివారం పదమూడవది. ఆ వెలుగు కాన్‌స్టాంటినోపిల్ ఆకాశంలో లేకుండా పోదు. అయినను ఐరోపాలో దానిని నిస్సందేహంగా పేర్కొన్న వ్రాత లేదు. మత కలహంలో మునిగిన వారు తల యెత్తలేదో, యెత్తినా చెప్పదలచలేదో!

ఇబ్న్ బుత్లాన్ మాత్రం వ్రాసినాడు. హిజరీ 446లో మిథునరాశిలో అద్భుతమైన తార కనిపించినదనీ, ఆ శరత్తులో కాన్‌స్టాంటినోపిల్ శ్మశానాలు నిండిపోగా పదునాలుగు వేలమందిని ఒక్క లూకా దేవాలయపు ఆవరణలో పాతిపెట్టినారనీ, మరుసటి ఏడు నైలు పొంగక ఫుస్తాత్‌లో జనక్షయమైనదనీ ఆయన మాటలు. తారకు, తెగులుకు సంబంధం కట్టడం ఆనాటి వైద్యుల నమ్మకం. ఈ భాగాన్ని పదమూడవ శతాబ్దంలో ఇబ్న్ అబీ ఉసైబియా తన వైద్యుల చరిత్రలో చేర్చినందున అది మనకు దక్కినది. అందులోనే ఒకచోట 446 అని, మరొకచోట 445 అని ఉన్నది. ఇది చిన్న తేడాగా తోచవచ్చును. హిజరీ 445 ముగిసినది 1054 ఏప్రిల్ 11న. 445 నిజమైతే ఆయన చూచిన తార చైనావారి తార కాజాలదు. 446 అయితే ఏప్రిల్ 12 నుండి పన్నెండు చాంద్రమాసాలు. జూలై 4 అందులో ఇమిడిపోతుంది. 1978లో ముగ్గురు పరిశోధకులు ఈ వాక్యాలను బయటికి తెచ్చి, తెగుళ్లు, నైలు కరవు మొదలైన ఇతర సంఘటనల వరుసను పట్టి 446కే మొగ్గినారు. ఒక లేఖకుని కలం జారిన ఒక్క అంకె మీద ఇంత బరువు ఆని ఉన్నది.

క్రైస్తవ రాజ్యాల తేదీలలోని చిక్కులు ఇంతకంటె తక్కువవి కావు. కీవ్ నగరపు సోఫియా దేవాలయం గోడ మీద ఎవరో గీసిన వ్రాత యొకటి తమ ప్రభువు 6562 ఫిబ్రవరి 20న కన్నుమూసినాడని చెబుతున్నది. అది యారొస్లావ్ ప్రభువు మరణమని పండితుల నిర్ణయం. సెప్టెంబరుతో ఏడు ఆరంభించే బైజాంటియం పద్ధతిలో ఇది 1054 ఫిబ్రవరి. అక్కడనే మార్చితో ఏడు ఆరంభించే అలవాటూ ఉన్నందున, ఆ పద్ధతిలో చదివితే ఒక సంవత్సరం తేడా వస్తుంది. స్పెయిన్‌లో అన్నదమ్ముల యుద్ధం జరిగి నవార్ రాజు గార్సియా అటాపుయెర్కాలో మరణించినది 1054 సెప్టెంబరు 1. సరిగా ఆ ఉదయమే కాన్‌స్టాంటినోపిల్‌లో 6563వ సంవత్సరాది. ఇక మాక్‌బెత్ పరాజయం ఇంగ్లండు వృత్తాంతంలో అంకెతో కాదు, 'ఏడుగురు నిద్రితుల' పండుగనాడు అని ఉన్నది. అది జూలై 27. షేక్స్పియరు నాటకంలో వలె అతడు ఆ పోరులో చావలేదు. మరి మూడేండ్లు బ్రతికినాడు. ఆ నిద్రితులు గుహలో పడుకొని తరాలు గడిచాక లేచి, ఏ కాలంలో ఉన్నామో తెలియక తికమకపడిన పుణ్యపురుషులు. వారి కథ ఖురానులో కూడా కలదు. అక్కడ వారి నిద్రాకాలం మూడు వందల ఏండ్లు, పైన తొమ్మిది. సౌరమానంలో 300 ఏండ్లు చాంద్రమానంలో 309 అవుతాయని వ్యాఖ్యాతలు కొందరు విప్పి చెప్పినారు.

మన దేశంలో ఈ సంవత్సరం ఏమైనది? వేంగి సింహాసనం మీద రాజరాజ నరేంద్రుడు ఉన్నాడు. అంతకు ముందటి ఏడు, 1053లో, ఆయన ముప్పదిరెండవ పాలనావర్షంలో నారాయణభట్టుకు నందంపూడి గ్రామం దానం చేసినాడు. ఆ శాసనం రచించినది నన్నయభట్టు. ముప్పదిరెండవ ఏడు 1053 అని ఎట్లు తెలిసినది? ఆయన పట్టాభిషేక తేదీ మరొక శాసనంలో, కోరుమిల్లి తామ్రపత్రాలలో, సంస్కృత పద్యంగా ఉన్నది. శకవర్షం అంకెలలో కాక మాటలలో చెప్పబడినది: వేద, అంబురాశి, నిధి. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. కుడినుండి ఎడమకు చదివితే 944. ఛందస్సు తప్పకుండా అంకెను పద్యంలో ఇమిడ్చే ఈ ఉపాయానికి మరొక ప్రయోజనం ఉన్నది: రేకు మీద అంకె అరిగిపోవచ్చును, ఛందస్సులో బిగిసిన మాట అంత సులభంగా మారదు. సంవత్సరంతో పాటు సూర్యుడు సింహంలో ఉన్నాడనీ, బహుళ విదియ అనీ, ఉత్తరాభాద్ర అనీ, గురువారమనీ ఉన్నది. ఇన్ని తాళాలు వేసిన తేదీని పరీక్షించడం తేలిక. 1022 ఆగస్టు 16కు లెక్క కట్టి చూడండి: పున్నమి గడచి రెండు దినాలు, సూర్యుడు సింహంలో, వారం గురువారమే. శక సంవత్సరం గతమో వర్తమానమో అన్న సందేహాన్ని ఆ ఒక్క గురువారం తీర్చివేస్తుంది. ఈ శ్రమను తేలికచేసిన వారిలో మద్రాసు రాష్ట్రంలో పనిచేసిన ఎల్. డి. స్వామికన్ను పిళ్లె ముఖ్యుడు. 1922లో వెలువడిన ఆయన గ్రంథం క్రీ.శ. 700 నుండి 1799 వరకు ప్రతి దినానికీ పంచాంగం అందించినది. శాసన పరిశోధకుల బల్ల మీద అది ఉండి తీరవలసినదే.

చోళుల తేదీలు ఇంత సుళువుగా లొంగవు. రాజరాజ నరేంద్రుని భార్య అమ్మంగదేవి రాజేంద్ర చోళుని కుమార్తె. ఆ లెక్కన కొప్పంలో పడిపోయిన రాజాధిరాజు మన నరేంద్రునికి బావమరిది. చోళ శాసనాలలో సాధారణంగా శకం లేదు. రాజు పాలనలో ఎన్నవ ఏడో అంతే. రాజాధిరాజు పాలన 1018 నుండి లెక్క. తండ్రి 1044 వరకు బ్రతికియే ఉన్నాడు. యువరాజుగా సహపాలన మొదలైన నాటినుండి ఏండ్లు లెక్కించినారని తెలియకపోతే ఇరువదియారేండ్లు తప్పిపోతాము. ఆయన కడపటి శాసనాలు ముప్పదియారవ ఏటివి. దాని నుండియే కొప్పం యుద్ధం 1054 అని తేలినది. చాళుక్య ఆహవమల్ల సోమేశ్వరునితో పోరుతూ ఆయన గజారూఢుడై మరణింపగా, తమ్ముడు రెండవ రాజేంద్రుడు యుద్ధభూమిలోనే కిరీటం ధరించి ఓటమిని గెలుపుగా మార్చినాడని వారి శాసనాలు చెబుతాయి. మరి ఇరువదిరెండేండ్లకు, 1076లో, ఆ సోమేశ్వరుని కుమారుడు ఆరవ విక్రమాదిత్యుడు శక గణనను త్రోసిపుచ్చి చాళుక్య విక్రమ శకమని క్రొత్తది స్థాపించినాడు. తెలంగాణ శాసనాలలో అది కొంతకాలం చెల్లినది, పిమ్మట మరుగున పడినది. శాలివాహన శకం నిలిచినది. శకాలను ప్రభువులు స్థాపించగలరు గాని నడిపేది కరణాలు, పురోహితులు.

ఇన్ని లెక్కలను ఒక్కచోట చేర్చి చూడవలెనన్న తలంపు మన కాలపు చరిత్రకారులకే కలిగినదనుకోరాదు. అల్ బీరూనీ భారతదేశం మీద గ్రంథం వ్రాస్తూ, హిందువుల శకాలు పాఠకునికి బోధపడడానికి ఒకే ఒక సంవత్సరాన్ని కొలబద్దగా ఎంచుకొన్నాడు. అది పారసీకుల యజ్‌దగిర్ద్ శకం 400, క్రీస్తుశకంలో 1031. ఆ సంవత్సరం విక్రమ శకం 1088, శాలివాహన శకం 953, గుప్త శకం 712 అని ఆయన తేల్చి చెప్పినాడు. శకం 953కు 78 కలిపి చూడండి, 1031 వచ్చితీరుతుంది. గజనీ మహమ్మదు దండయాత్రల నీడలో పండితులను వెదకి, వారి పంచాంగాలను తన పంచాంగంతో సరిపోల్చిన ఈ మనిషి పని, గుప్త శకారంభాన్ని నిర్ణయించవలసి వచ్చినప్పుడు ఎనిమిది శతాబ్దాల తరువాత కూడా చరిత్రకారులకు అక్కరకు వచ్చినది.

తేదీ విలువ తెలిసిన మరొక వ్యక్తి కవి. జపానులో నూరుగురు కవుల నూరు పద్యాల సంకలనం కూర్చినవాడుగా ప్రసిద్ధుడైన ఫుజివారా నో తెయికా 1230లో ఆకాశంలో ఒక అతిథి నక్షత్రాన్ని చూచి కలతపడి, పూర్వం ఇట్టివి వచ్చినవా అని ఖగోళజ్ఞులను విచారించినాడు. వారిచ్చిన జాబితాను తన దినచర్య 'మెయిగెట్సుకి'లో ఎక్కించినాడు. అందులో తెంగి రెండవ సంవత్సరపు తార యొకటి. అది మన 1054. తియాన్‌గ్వాన్ దగ్గర, గురుగ్రహమంత పెద్దది. మాసం మాత్రం నాలుగవది, రెండవ దశకం తరువాత అని ఉన్నది. అనగా మే నెలాఖరు. ఆ దినాలలో సూర్యుడు ఆకాశంలో సరిగా ఆ భాగంలోనే ఉన్నాడు. అక్కడ వెలసిన తార ఆతని కాంతిలో మునిగి ఉండవలసినదే. కావున 'నాలుగు' అన్నది 'అయిదు'కు వ్రాతపొరపాటని పెక్కుమంది పండితుల అభిప్రాయం. అయిదవ మాసమని సవరిస్తే చైనా వ్రాతతో చక్కగా అతుకుతుంది. అమెరికాలో చాకో లోయ కొండగోడ మీద నెలవంక పక్కన పెద్ద నక్షత్రం చిత్రించి ఉన్నది. జూలై 5 వేకువన క్షీణచంద్రుడు నిజంగా ఆ తార సమీపంలో ఉన్నాడు. చిత్రం ఆ దృశ్యమేనని కొందరు వాదిస్తారు. చిత్రకారుడు తేదీ వేయలేదు. వాదం తెగలేదు.

ఈ పాత వ్రాతలకు ఆకాశం నుండి సమాధానం ఆలస్యంగా వచ్చినది. 1731లో జాన్ బెవిస్ అనే ఆంగ్ల వైద్యుడు వృషభరాశిలో ఒక మసక మేఘాన్ని కనిపెట్టినాడు. 1758లో మెస్సియే దానిని చూచి తన జాబితాలో మొదటి అంకె ఇచ్చినాడు. ఎండ్రకాయ నీహారిక అని దానికి పేరు. 1921లో పాత క్రొత్త ఛాయాచిత్రాలను పోల్చగా ఆ మేఘం వ్యాకోచిస్తున్నదని తెలిసినది. ఆ వేగాన్ని వెనుకకు లెక్కించి 1928లో హబుల్ సుమారు తొమ్మిది వందల ఏండ్ల క్రితం అది ఒక్క బిందువుగా ఉండవలెనన్నాడు. 1942లో మేయల్, ఊర్ట్ అనే శాస్త్రజ్ఞులు చైనా, జపాను వ్రాతలను తిరిగి పరిశీలించి, ఆనాటి అతిథి నక్షత్రం పేలిపోయిన సూర్యుడనీ, ఈ నీహారిక దాని అవశేషమనీ నిర్ధారించినారు. 1968లో దాని నడుమ సెకనుకు ముప్పది మార్లు మినుకుమనే తార బయటపడినది. దూరం సుమారు 6,500 కాంతి సంవత్సరాలు. కనుక అసలు పేలుడు 1054కు అంత ముందే జరిగిపోయినది. మన కలియుగారంభం కంటె అది చాలా పూర్వం. దూరపు అంచనాలో కొంత హెచ్చుతగ్గులు ఉన్నా, బైజాంటియంవారు సృష్టి జరిగినదని నమ్మిన క్రీస్తుపూర్వం 5509 దరిదాపులకు వస్తుంది.

పాఠశాలలో చిన్న దూరదర్శిని ఉన్నట్లయితే మార్గశిర, పుష్య మాసాలలో, చంద్రుడు లేని రాత్రి, పిల్లలకు దీనిని చూపవచ్చును. రోహిణిని గుర్తుపట్టి, అక్కడినుండి వృషభం దక్షిణపు కొమ్ము చివరి తారను వెదకవలెను. చైనావారి తియాన్‌గ్వాన్ అదే. దానికి కొంచెం వాయవ్యంగా, ఊది వదలిన పొగవలె పలుచని మరక యొకటి కనిపిస్తుంది.